కాటా దగ్గరి ‘తామసికుడు’

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో 18 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మొన్న ఏప్రిల్‌లో మాకు గీత చెప్పే మూడు గుణాల మీద శిక్షణ తరగతి పెట్టారు. ప్రశ్నల కాగితం చేతికిచ్చి, గడుల్లో టిక్కులు పెట్టించి, ఎవరు సాత్వికులో, ఎవరు రాజసికులో, ఎవరు తామసికులో సాయంత్రానికల్లా తేల్చేశారు. ఆ కాగితాలు ఇప్పుడు మా సర్వీసు ఫైళ్లలో ఉన్నాయి.

తామసికుల్లో మొదటి పేరు మా కాటా గుమస్తాది. ‘పని చకచకా ముగిస్తారా?’ అన్న ప్రశ్నకు ఆయన ‘లేదు’ అని టిక్కు పెట్టాడు. నిజమే, ముగించడు. తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరినా సరే, తెర మీద అంకె కదలకుండా నిలిచేవరకు చీటీ రాయడు. కాయ దించాక ఖాళీ బండి తూకమూ అంతే. రైతు మొహంలో అనుమానం కనిపిస్తే బండిని మళ్లీ ఎక్కించమంటాడు. ఆయన డ్యూటీలో కాటా దగ్గర గొడవ జరగడం నేను చూడలేదు.

గీత 18వ అధ్యాయం 28వ శ్లోకంలో తామస కర్తను ‘దీర్ఘసూత్రి’, అంటే పనిని సాగదీసేవాడు, అన్న మాట వాస్తవం. అయితే అదే శ్లోకంలో అంతకు ముందే మొండితనం, వంచన, ఇతరుల పొట్ట కొట్టడం, సోమరితనం వరసగా ఉన్నాయి. అవన్నీ వదిలేసి నెమ్మదిని మాత్రం పట్టుకున్నారు. రెండు శ్లోకాలు వెనక్కి వెళ్తే, సాత్విక కర్త లక్షణాల్లో ‘అనహంవాదీ’ ఉంది. ‘నేను, నేను’ అనని వాడని అర్థం. మరి గడిగడికీ తన మంచితనానికి తానే టిక్కు పెట్టుకుని సాత్వికుడైనవాణ్ణి ఏమనాలి? (ఆ జాబితాలో నా పేరూ ఉంది.)

పైగా గుణమంటే పుట్టుమచ్చ కాదు. మూడూ అందరిలో ఉంటాయని, ఒక్కోసారి ఒక్కొక్కటి మిగతా రెంటినీ అణచి పైకి వస్తుందని 14వ అధ్యాయం చెబుతోంది. జూన్‌లో తిండి కూడా మరచి పరుగులు పెట్టే మనిషే, కార్తీకంలో మా ఆఫీసు బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తాడు. పనిలేని ఏప్రిల్‌లో మాకు పరీక్ష పెడితే ఇంకేం తేలుతుంది?

శిక్షణ వద్దనను. గీత మాటలు ఉద్యోగుల చెవిన పడటం నాకూ ఇష్టమే. వాటిని ఇంక్రిమెంటుకు ముడిపెట్టవద్దని, ఆ కాగితాలు ఫైళ్లలోంచి తీసేయమని మేనేజరు గారికి రాసిచ్చాను. జవాబు రాలేదు. సీజన్ డ్యూటీల పట్టిక మాత్రం వచ్చింది. కాటా దగ్గర రాత్రి షిఫ్టుకు ఆ ‘తామసికుడి’ పేరే వేశారు.

– ఒక గుజ్జు ఫ్యాక్టరీ ఉద్యోగి, చిత్తూరు