అడవి కందిని కార్చిచ్చు నుంచి కాపాడాలి

శేషాచలం కొండల్లో ఏటా వేసవిలో రేగే కార్చిచ్చు ఎర్రచందనానికే కాక, ఎవరి దృష్టికీ రాని అడవి కంది పొదకు కూడా ముప్పుగా పరిణమించింది. రింకోసియా బెడ్డోమీ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ పసుపు పూల పొద తూర్పు కనుమల దక్షిణ భాగంలోని మెట్ట కొండలకే పరిమితమైనది; 19వ శతాబ్దంలో మద్రాసు అటవీ శాఖకు నేతృత్వం వహించిన బెడ్డోమ్ పేరునే దానికి పెట్టారు. మెత్తని నూగు కప్పిన దాని ఆకులను కొండపల్లెల వారు గాయాలకు, పుండ్లకు వాడుతారు. ఏళ్ల తరబడి ఆ కొండల్లో తిరుగుతున్న నేను గమనించినదేమంటే, నిప్పు తాకిన వాలుల్లో తొలి వానలకే బోదగడ్డి లేచి నేలంతా కమ్మివేస్తుంది, వరుసగా రెండో ఏడు కూడా మంటలు వస్తే అడవి కంది లేత మొలక ఒక్కటీ కనబడదు. రాతి సందుల్లో మిగిలిన కొద్దిపాటి ముదురు మొక్కలను మేకలు కొరికివేస్తున్నాయి. 1989లో జాతీయ పార్కు, 2010లో బయోస్ఫియర్ రిజర్వు ఏర్పడిన కొండల్లోనే ఈ పరిస్థితి ఉండడం బాధాకరం. అటవీ శాఖ జనవరి ముగిసేలోగా ఈ పొదలున్న వాలుల చుట్టూ నిప్పు గీతలు (మంట పాకకుండా గడ్డీ గాదం తొలగించిన ఖాళీ పట్టీలు) తీయించాలి, కాయలు పగిలి గింజలు చెదిరిపోకముందే సేకరించి తన నర్సరీల్లో నారు పెంచాలి; జీవవైవిధ్య చట్టం, 2002 కింద ఏర్పాటైన కమిటీలు కొండ అంచు పంచాయతీల్లోని ప్రతి పొదనూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేసి, ఆకు కోతకు పరిమితి విధించాలి.

— ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి