పాత ఇంజిన్ విప్పేవారికి కొలిచే చోటు కావాలి

సంపాదకులకు,

మా ఇంట్లో 1958 నాటి ఎమ్జీఏ స్పోర్ట్స్ కారు ఒకటి ఉంది. మా మేనమామ హైదరాబాదులో సెకండ్ హ్యాండుగా కొన్న ఆ బండి ఆయన తదనంతరం నాకు వచ్చింది. రెండేళ్ల క్రితం హంటర్ రోడ్డు మీద వెళ్తుండగా, ఇంజిన్ వేడెక్కాక చదరపు అంగుళానికి 50 పౌండ్ల దగ్గర నిలవాల్సిన ఆయిల్ ప్రెషర్ ముల్లు 20కి పడిపోవడం, వెనక నీలిపొగ రావడం చూసి బండి బోరుకొచ్చిందని, అంటే పిస్టన్లు ఆడే సిలిండర్ల గోడలు అరిగాయని అర్థమైంది. ఉద్యోగ విరమణ తర్వాత చేతిలో సమయం ఉంది కదా అని ఇంజిన్ పని నేనే చేసుకోవాలని పూనుకున్నాను. పదకొండు నెలలు పట్టింది. ఆ పనిలో నాకు ఎదురైన అసలు ఇబ్బంది ఏమిటో చెప్పి, దాన్నిబట్టి ఒక విన్నపం చేసుకోవడానికే ఈ లేఖ.

విదేశీ కారు ఇంజిన్‌కు వరంగల్‌లో దిక్కెవరని తెలిసినవారంతా అడిగారు. ఇంగ్లండులోని అబింగ్‌డన్‌లో తయారైన తొలి ఎమ్జీఏలకు అమర్చినది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి-సిరీస్ ఇంజిన్. దాని బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9 మిల్లీమీటర్లు, మొత్తం 1489 సీసీ. హిందుస్థాన్ మోటార్స్ వారు 2014 దాకా ఉత్తరపరాలో తయారు చేసిన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన పెట్రోలు ఇంజిన్ కూడా ఇదే కుటుంబానిది. కాబట్టి ఒకప్పుడు టాక్సీలకు, సర్కారు జీపులకు, అంబాసిడర్లకు పని చేసిన మన మేస్త్రీలకు ఈ ఇంజిన్ లోపలి సంగతులు కొత్త కావు. అయితే ‘అంబాసిడర్ ఇంజినే కదా’ అని ప్రతి భాగమూ దాని నుంచే తెచ్చి బిగించడం పొరపాటు. రెండు ఎస్‌యూ కార్బొరేటర్లతో, వేరే హెడ్డుతో (సిలిండర్ల పై మూతతో) ఉన్న స్పోర్ట్స్ కారుకు పిస్టన్ల దగ్గరి నుంచి ప్రతిదీ పోల్చి చూసుకోవాల్సిందే.

ఇంజిన్ దింపకముందే కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ పట్టి ఉంచే గాలి ఒత్తిడి, చూశాను. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు 140 పౌండ్ల చుట్టుపక్కల చూపగా మూడోది 90 దగ్గరే ఆగింది. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 130కి లేచింది. ఇలా ఆయిల్ పోశాక ఒత్తిడి పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో బోరో అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదన్నట్టు. ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే హెడ్డు ఊడదీసే అలవాటు మనవాళ్లలో ఎందుకుందో నాకు తెలియదు. ఆ తర్వాత రేడియేటర్ తీసి, షెడ్డు గర్డరుకు చైన్ పుల్లీ కట్టి, మా అబ్బాయి సాయంతో ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో సహా పైకి లేపాను. విప్పడం ఎవరైనా చేయగల పని. ఏ క్యాపు ఎక్కడిదో, ఏ వైపు తిరిగి ఉందో గుర్తులు వేసుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ వెళ్తే చాలు.

నేను దెబ్బతిన్నది కొలతల దగ్గర. నా దగ్గర ఉన్నది ఒక మామూలు వెర్నియర్ కాలిపర్. దాంతో బోరు మూతి దగ్గర కొలిచి, అరుగుదల నాలుగు థౌలకు మించలేదని, అంటే అంగుళంలో వెయ్యో వంతులు నాలుగేనని తేల్చుకుని, పది థౌ ఓవర్‌సైజు పిస్టన్ల సెట్టు ఇంగ్లండు నుంచి తెప్పించాను. కస్టమ్స్ సుంకంతో కలిపి ఎంతయిందో ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. సిలిండర్లు ఉండే బ్లాకును ఆటోనగర్‌లోని లేతు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన సిలిండర్ లోపలి వ్యాసంలో తేడాను ముల్లుతో చూపే డయల్ బోర్ గేజీని మూడో సిలిండర్‌లో పై నుంచి కిందికి, అడ్డంగా, నిలువుగా మెల్లగా తిప్పుతూ దింపి, ముల్లు కదలికను నాకే చూపించారు. రింగు ఆగే చోటుకు కాస్త కింద, పిస్టన్ ఒరిగే వైపు గోడ ఏడు థౌలు అరిగి ఉంది. రింగులు తాకని మూతి అంచు దాదాపు పాత కొలతలోనే ఉండగా నేను కొలిచింది ఆ అంచునే.

పది థౌ బోరింగ్ అంటే వ్యాసంలో పది, అంటే ఒక్కో వైపు కోతకు వచ్చేది ఐదు మాత్రమే. అరుగుదల ఒకే వైపు ఏడున్నప్పుడు, పాత కేంద్రం తప్పకుండా కోస్తే ఆ అరుగుదల పూర్తిగా పోదు. ఈ లెక్క నాకు తెలియక కాదు, సరైన పరికరం లేక, ఉన్నదాన్ని నమ్మి తప్పాను. చివరికి ఇరవై థౌ పిస్టన్లు మళ్లీ తెప్పించాను. అవి వచ్చేదాకా మేస్త్రి మెషీన్ ఎక్కించలేదు. “పిస్టన్లు చేతికొచ్చినంక బోరు కొడతా సార్, గందాక బ్లాకు ముట్ట” అన్నారు. ప్రతి పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి, పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందుకు తగ్గట్టు దాని సిలిండర్‌నే కోసి, హోనింగ్ (లోపలి గోడను సన్నగా సానపట్టడం) చేసి, బ్లాకు మీద సుద్దతో అంకెలు వేసి ఇచ్చారు. క్రాంకు షాఫ్టు బేరింగుల్లో తిరిగే రెండంగుళాల మెయిన్ జర్నళ్లు కూడా కోడిగుడ్డు వాటంగా అరగడంతో క్రాంకు గ్రైండింగ్ కూడా ఆయనే చేశారు. ఆయిల్ ప్రెషర్ పడిపోవడానికి కారణం అక్కడుంది.

బిగింపు మళ్లీ ఇంటి పనే. గ్రైండింగ్ నుంచి వచ్చిన క్రాంకు ఆయిల్ రంధ్రాల్లోకి సన్నని బ్రష్‌తో డీజిలు కొట్టి, బనియన్ క్లాత్ పీలికను తీగతో లాగితే మొదటి మూడుసార్లు నల్లగానే వచ్చింది. ఆ నలుపులోని ఇనుప పొడి కొత్త బేరింగులను మొదటి గంటలోనే గీకేస్తుంది. మెయిన్ బేరింగ్ క్యాపులకు 70 ఫుట్-పౌండ్లు, కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే బిగ్ ఎండ్‌కు 35, హెడ్డు నట్లకు 50, అంటే దాదాపు 68 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచ్‌తోనే, హెడ్డును మధ్య నుంచి అంచులకు విడతలుగా బిగించాను. సిలిండర్లు మండే 1-3-4-2 క్రమంలో ప్లగ్ వైర్లు కలిపిన రోజు సాయంత్రం ఇంజిన్ అందుకుంది.

పాత ఇంజిన్ తీసేసి డీజిలు ఇంజిన్ వేయించుకుంటే పోయేది కదా అని సలహా ఇచ్చినవారికి ఒక మాట. యాభై ఏళ్లు దాటిన వాహనాల కోసం కేంద్రం 2021 జులైలో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు ఛాసిస్, బాడీ, ఇంజిన్ మౌలికంగా మార్చని వాహనాలకే వర్తిస్తాయి. సొంత బ్లాకును కాపాడుకోవడం ముచ్చట ఒక్కటే కాదు, కాగితాల అవసరం కూడా.

ఇక విన్నపం. నా దగ్గర లేని బోర్ గేజీ, మైక్రోమీటర్లు వరంగల్, హనుమకొండ ప్రభుత్వ ఐటీఐ, పాలిటెక్నిక్‌ల మెట్రాలజీ (కొలతల) ల్యాబుల్లో పిల్లలకు పాఠం చెప్పడానికి ఉంటాయి. నెలలో కనీసం ఒక శనివారం, తగిన రుసుము తీసుకుని, బయటివారు తెచ్చిన బ్లాకులను, క్రాంకులను విద్యార్థుల చేతే కొలిపించి చీటీ రాసిచ్చే ఏర్పాటును సాంకేతిక విద్యాశాఖ, ఉపాధి శిక్షణ శాఖ అధికారులు ఆలోచించాలి. నాలాంటివారికే కాదు, పాత ట్రాక్టర్లకు, నీటి పంపుల ఇంజిన్లకు పని చేయించుకునే రైతులకూ అది అక్కరకొస్తుంది. కొత్త లైనర్ల (సిలిండర్‌లో తొడిగే గొట్టాల) మధ్య కొలిచే పిల్లవాడికి నిజంగా అరిగిన సిలిండర్ ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. అదే విద్యార్థులను అప్రెంటిస్‌షిప్ కింద ఆటోనగర్ లేతు మేస్త్రీల దగ్గర కొన్ని వారాలు ఉంచితే మరీ మంచిది. నా బ్లాకు కోసిన పెద్దాయనకు డెబ్బై రెండేళ్లు. ఆ గేజీ పట్టుకోవడం ఆయన దగ్గర నేర్చుకుంటున్నవారు ప్రస్తుతం ఎవరూ లేరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ