రాతి ఇళ్ల గురించి రాస్తే నేలమాళిగల గురించీ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూపాల్ట్జ్ ఊరి గురించి వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. మా అమ్మాయి వాళ్లు ఉండేది పొకిప్సీలో. హడ్సన్ నది మీద వంతెన దాటి కాస్త దూరం వెళ్తే ఆ ఊరే. ఇక్కడికి వచ్చిన ఈ నాలుగు నెలల్లో ఆ పాత ఇళ్ల వీధికి మూడుసార్లు వెళ్లాను. రిటైరైన సోషల్ మాస్టారికి ఇంతకంటే కాలక్షేపం ఏముంటుంది! మీరు వేసిన ఫొటోలు బాగున్నాయి. రాసినదాంట్లో మాత్రం ఒక పొరపాటు, ఒక లోటు ఉన్నాయి.

పొరపాటు చిన్నదే. పద్నాలుగో లూయీ 1685లో ఫ్రాన్స్‌లోని ప్రొటెస్టెంట్ల హక్కులు రద్దు చేశాక ఆ ప్రొటెస్టెంట్లు, అంటే హ్యూగెనాట్లు, పారిపోయి వచ్చి ఈ ఊరు కట్టుకున్నారని రాశారు. అప్పటికే ఊరికి ఏడేళ్లు. వాళ్లు అంతకు చాలాముందే ఫ్రాన్స్ వదిలి జర్మనీలోని ఫాల్జ్ ప్రాంతంలో తలదాచుకున్నారు. ఊరి పేరు అక్కడి నుంచి వచ్చిందే. 1677లో పన్నెండుమంది భాగస్వాములు అక్కడి ఆదివాసులైన ఎసోపస్ తెగవాళ్లతో ఒప్పందం చేసుకుని, ఇంగ్లిష్ గవర్నర్ ఎడ్మండ్ ఆండ్రోస్ దగ్గర సుమారు 40,000 ఎకరాలకు పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడాది కాపురాలు పెట్టారు.

ఆ భూమికి బదులుగా ఎసోపస్ వాళ్లకు ముట్టినవి వంటపాత్రలు, గొడ్డళ్లు, చొక్కాలు, దుప్పట్లు, తుపాకులు, పూసలు. మీ వ్యాసం దీన్ని 'న్యాయంగా కొనుక్కున్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేసింది. భూమి రాసివ్వడం అంటే ఇకమీదట అక్కడ కాలు పెట్టకూడదని అర్థం అని ఆ తెగవాళ్లు అనుకున్నారా? పైగా 1659 నుంచి 1664 దాకా డచ్చివాళ్లతో రెండు యుద్ధాలు చేసి నలిగిపోయి ఉన్నారు. వాళ్ల వారసులు కొందరు ఇవాళ ఎక్కడో విస్కాన్సిన్ రాష్ట్రంలో, స్టాక్‌బ్రిడ్జ్-మన్సీ సమాజంలో ఉన్నారు.

ఇక లోటు సంగతి. ఆ ఇళ్లను మీరు 'స్వేచ్ఛ కోసం వచ్చినవాళ్ల గూళ్లు' అన్నారు. నిజమే, మత స్వేచ్ఛ కోసమే వచ్చారు. కానీ ఆ పన్నెండుమందిలో పెద్ద అయిన లూయీ డ్యుబ్వా, ఊరు పుట్టకముందే, 1674లో దగ్గర్లోని కింగ్‌స్టన్ ఊళ్లో జరిగిన వేలంలో ఇద్దరు ఆఫ్రికన్ బానిసలను కొన్నాడు. ఆ తర్వాత తరాలు అదే దారిన నడిచాయి. 1700ల తొలి దశాబ్దాల్లో లేచిన ఆ రాతి ఇళ్లలో వంట జరిగింది చాలావరకు నేలమాళిగల్లో. వండినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు పడుకున్నదీ అక్కడే. ఏబ్రహాం హాస్‌బ్రూక్ ఇంట్లో నేను ఆ మాళిగలోకి దిగాను. అక్టోబరులోనే రాతిగోడ మీద చెయ్యి వేస్తే జివ్వుమంది. జనవరిలో ఎలా ఉండేదో! పైకి వచ్చాక ముందుగదిలోని పాతకాలపు సామాను మీద మనసు నిలవలేదు.

ఇది విహార వ్యాసం, ఈ గొడవంతా ఎందుకని మీరు అనవచ్చు. అక్కడివాళ్లే దాచడం లేదు కదా. 1894లో సంఘం పెట్టి ఈ ఇళ్లు కూలిపోకుండా కాపాడింది ఆ కుటుంబాల వారసులు, వాళ్ల ఊరివాళ్లే. వాళ్ల పుణ్యమా అని ఇవాళ మనం చూడగలుగుతున్నాం. ఇప్పుడు ఆ సంఘం గైడ్లే బానిసల కథ చెబుతున్నారు. ఊళ్లోని విశ్వవిద్యాలయం 2019లో హాస్టళ్లకు, భోజనశాలకు ఉన్న ఆ కుటుంబాల పేర్లు తీసేయాలని నిర్ణయించింది. పేర్లు మార్చడం మీద నాకంత మోజు లేదు. బోర్డు మారిస్తే మరుపు కూడా సులువవుతుంది. మాళిగ తలుపు తెరిచి చూపించడమే నాకు నచ్చింది.

బానిసత్వం మీద పోరాడిన సొజర్నర్ ట్రూత్ పేరు మీ పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆమె న్యూపాల్ట్జ్ ఉన్న ఈ అల్స్టర్ కౌంటీలోనే బానిసగా పుట్టింది. మొదట నేర్చిన భాష డచ్చి. తొమ్మిదేళ్ల వయసులో గొర్రెల మందతో కలిపి అమ్మేశారు. ఆఖరి యజమాని ఇల్లు అప్పటి న్యూపాల్ట్జ్ పరిధిలోనిదే. న్యూయార్క్‌లో బానిసత్వం 1827 జులై 4న ముగియాల్సి ఉంటే, అంతవరకూ ఆగకుండా 1826 చివర్లో పసిబిడ్డను ఎత్తుకుని నడిచి వెళ్లిపోయింది. ఆ మరుసటి ఏడాదో ఆపై ఏడాదో కోర్టుకెక్కి, అక్రమంగా అలబామాకు అమ్మేసిన కొడుకును వెనక్కి తెచ్చుకుంది.

హడ్సన్ మీది పాత రైలు వంతెనను ఇప్పుడు నడక దారిగా మార్చారు. శని ఆదివారాల్లో అక్కడ తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి. పడమటి ఒడ్డున హైలాండ్ వైపు 2020లో పెట్టిన ఆమె విగ్రహం ఉంది. మనవాళ్లు చాలామంది వంతెన మధ్యదాకా వెళ్లి, సెల్ఫీలు దిగి వెనక్కి తిరుగుతారు. ఈసారి ఆ వ్యాసం మళ్లీ వేస్తే, 'ఎలా వెళ్లాలి' అన్న చోట ఆపిల్ తోటల పక్కనే ఈ విగ్రహాన్నీ, ఆ మాళిగనూ చేర్చండి. రెండు వాక్యాలు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పొకిప్సీ (స్వస్థలం తెనాలి)