పెంచాలంటే నా సమ్మతి కావాలి, తగ్గించాలంటే మెసేజ్ చాలా?

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి,
నమస్కారం.

మొన్న మార్చిలో ఓ రాత్రి పదకొండింటికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నా క్రెడిట్ కార్డు లిమిట్‌ను 2,40,000 నుంచి 60,000కు తగ్గించారట. ఎందుకో రాయలేదు. ఏడేళ్లుగా వాడుతున్న కార్డు, ఒక్క బిల్లూ గడువు దాటలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘ఇంటర్నల్ పాలసీ సార్’ అన్నారు. ‘పోనీలెండి, ఖర్చు తగ్గుతుంది’ అని మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వేశాను.

జూన్‌లో హోమ్ లోన్ కోసం వెళ్తే ఆఫీసరు గారు స్క్రీన్ నావైపు తిప్పారు. 781 ఉన్న నా క్రెడిట్ స్కోరు 738కి దిగింది. ‘కార్డు దాదాపు మొత్తం వాడేస్తున్నారు కదండీ’ అన్నారాయన.

నాకున్నది ఒకే కార్డు. ఇంటి సామాను, పిల్లల ఫీజు, అమ్మ మందులు అన్నీ కలిపి నెలకు 54,000 అవుతుంది. పాత లిమిట్‌లో అది 22.5 శాతం. 30 శాతం దాటకపోతే మంచిదని అందరూ చెప్పే లెక్కకు లోపలే. కొత్త లిమిట్‌లో అదే 54,000 ఏకంగా 90 శాతం! పళ్లెం చిన్నది చేసి, నేను ఎక్కువ తింటున్నానని రాసుకున్నారు.

గడువులోపు మొత్తం కట్టేస్తాను కదా అన్నాను. మన అప్పుల చరిత్ర నమోదు చేసి స్కోరు ఇచ్చే క్రెడిట్ బ్యూరోకి మామూలుగా స్టేట్‌మెంట్ నాటి బాకీయే వెళ్తుందట. ‘స్టేట్‌మెంట్ పడకముందే చాలావరకు కట్టేయండి’ అని ఆయనే చిట్కా చెప్పారు. నలభై ఐదు రోజులు వడ్డీ ఉండదని ఊరించి అంటగట్టిన కార్డు ఇది!

బ్యాంకు డబ్బు బ్యాంకు ఇష్టం, కాదనను. 2023 నవంబరులో మీ సంస్థే బ్యాంకుల కార్డు బాకీలపై రిస్క్ వెయిట్‌ను, అంటే ఆ అప్పులకు ఎంత సొంత మూలధనం ఉంచుకోవాలో తేల్చే లెక్కను, 125 నుంచి 150 శాతానికి పెంచింది. వాళ్లు జాగ్రత్త పడతారు, పడాలి కూడా. కానీ కార్డులపై మీరు పెట్టిన నిబంధనలు చూడండి. లిమిట్ పెంచాలంటే నా స్పష్టమైన సమ్మతి తప్పనిసరి. తగ్గిస్తే మాత్రం ఆ సంగతి తెలియజేస్తే సరిపోతుంది. నాకు దెబ్బ తగిలింది ఈ రెండో దగ్గరే.

అందుకే అడుగుతున్నాను. తగ్గించే ముందు నెల రోజుల నోటీసు, అర్థమయ్యే మాటల్లో కారణం ఇప్పించండి. బాకీ ఎగ్గొట్టని ఖాతాదారుడైతే, లిమిట్ తగ్గించింది బ్యాంకేనని బ్యూరో ఇచ్చే రిపోర్టులో రాయించండి. కనీసం ఆరు నెలలు పాత లిమిట్ మీదే వాడకం లెక్క కట్టించండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకు వివరాలు పంపాలన్నది మీ ఆదేశమే. అంత తరచుగా వెళ్లే వివరాల్లో ఈ ఒక్క ముక్క చేర్చడం కష్టమా?

నా లోన్ చివరికి వచ్చింది, పావు శాతం ఎక్కువ వడ్డీకి. 40 లక్షలు, 20 ఏళ్లు. వాయిదాకు సుమారు 635 రూపాయలు అదనం. మొదటిది ఈ నెల ఐదున కట్టాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ఖాతాదారుడు