ఐదు రోజుల్లో నాలుగు పార్కులు వద్దు తల్లీ

అమ్మలూ,

నువ్వు పంపిన టూర్ ప్లాన్ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. జులైలో ఐదు రోజులు, ఆ ఐదు రోజుల్లో తరంగీరే, మన్యారా, ఎన్‌గోరోంగోరో, సెరెంగెటి, నాలుగూ. ఫోన్‌లో చెబితే "సరే నాన్నా, చూద్దాం" అని పెట్టేస్తావని కూర్చుని రాస్తున్నాను. మొన్న ఫిబ్రవరిలో మీ అమ్మా నేనూ టాంజానియా వెళ్లొచ్చామంటే నువ్వూ అల్లుడుగారూ పంపించారు కాబట్టే. అక్కడ మేం చేసిన పొరపాటు మీరు చేయకుండా చూడటం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు ప్రయాణం సంగతి. సఫారీలు బయల్దేరే ఊరు అరుషా నుంచి సెరెంగెటి మధ్యలో ఉండే సెరొనెరాకి చేరడానికే ఏడెనిమిది గంటలు, సగం దారి తారు లేదు, దుమ్ము, ఒళ్లు హూనమయ్యే కుదుపులు. చిన్నోడికి ఏడేళ్లు. రోజుకో పార్కు అంటే వాడు చూసేది బండి కిటికీ, నిద్రపోయేది నీ ఒళ్లో. సెరెంగెటి ఒక్కటే 14,763 చదరపు కిలోమీటర్లు అమ్మా, దాన్ని ఒక పూటలో చూడటం అంటే ఏముంటుంది చెప్పు. ఆ పేరే అక్కడి పశువుల కాపరులు మసాయిల భాషలోంచి వచ్చింది, అంతులేని మైదానం అని అర్థం. మధ్యమధ్యలో పెద్దపెద్ద గ్రానైట్ బండలు పేర్చినట్టు గుట్టలుంటాయి, అచ్చం హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు ఒకప్పుడు ఉండేవే, వాటి మీద సింహాలు పడుకుని ఉంటాయి.

మా ప్రయాణంలో మొదటి రెండు రాత్రులు ఎన్‌డూటులో. సెరెంగెటికి దక్షిణపు అంచు అది, గడ్డి పొట్టిగా, పచ్చగా ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా వైల్డ్‌బీస్ట్‌లు, అంటే ఆవులాంటి పెద్ద జింకలు, అక్కడే ఈనతాయి. పదమూడు లక్షల దాకా ఉంటాయి అవి, దూడల్లో ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లోనే పుట్టేస్తాయి. అన్నీ ఒక్కసారే పుట్టడంలోనే వాటి తెలివి ఉంది, ఎందుకంటే సింహాలూ దుమ్ములగొండులూ ఎంత తిన్నా ఒక్కసారిగా అన్నిటినీ తినలేవు కదా. నేను పశువుల డాక్టర్‌గా 32 ఏళ్ల సర్వీసులో ఎన్ని ఆవుల్ని, ఎన్ని గేదెల్ని ఈనించానో లెక్క లేదు, అయినా ఆ రోజు పొద్దున ఊపిరి బిగబట్టి చూశాను. మా బండికి యాభై గజాల దూరంలో ఒకటి పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుంది. దూడ నేల మీద పడగానే మీ అమ్మ వాచీ చూసుకుంది. ఏడో నిమిషంలో అది నాలుగు కాళ్ల మీద నిలబడింది! మన గేదెదూడకి ఎంత లేదన్నా అరగంట పడుతుంది. తల్లికి మాయ ఇంకా పడలేదు, వెనకాల వేలాడుతూనే ఉంది, అప్పుడే దూడని పక్కనేసుకుని మందలోకి నడిచిపోయింది.

అవి ఈనడానికి అక్కడికే ఎందుకు వస్తాయో తెలుసా? ఆ నేల మీద వేల ఏళ్లుగా అగ్నిపర్వతాల బూడిద పడింది, ఆ గడ్డిలో కాల్షియం, భాస్వరం బాగా ఉంటాయి. పాలిచ్చే పశువుకి మనం మినరల్ మిక్చర్ పెట్టమని రైతుకి చెబుతాం. అక్కడ ఆ గడ్డే మినరల్ మిక్చర్. ఎండలు ముదిరి గడ్డి ఎండాక పడమటికి, తర్వాత ఉత్తరాన మారా నది వైపు నడుస్తాయి. మీరు వెళ్లే జులైకి ఉత్తరాన కోగటెండే వైపు చేరుతుంటాయి. నీ ప్లాన్‌లో ఆ పేరే లేదు.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు సంగతి చెబుతాను. నీకు గుర్తుందో లేదో, నీ చిన్నప్పుడు మాచర్ల వైపు ఊళ్లకి నేను ఐస్ పెట్టెలో టీకా మందు పెట్టుకుని, మోటార్ సైకిల్ మీద తెల్లారకముందే వెళ్లేవాడిని, మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి. అందులో ఒకటి రిండర్‌పెస్ట్ టీకా. ఆ జబ్బు వస్తే కొట్టంలో పశువులు వరసగా పోయేవి, రైతు తలుపు దగ్గర కూలబడిపోయేవాడు. మన దేశంలో అది చివరిసారి కనిపించింది 1995లో, ప్రపంచం మొత్తం మీద లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. మనుషుల్లో మశూచి, పశువుల్లో ఇది, పూర్తిగా రూపుమాపిన జబ్బులు ఇప్పటికి రెండే. అదే జబ్బు 1890లలో ఆఫ్రికా అంతా పాకి మసాయిల ఆవుల్నీ, అడవిలో వైల్డ్‌బీస్ట్‌లనీ, అడవిదున్నల్నీ ఊడ్చేసింది. తర్వాత కూడా దశాబ్దాల పాటు ఏటా దూడల్ని చంపుతూనే ఉంది. చివరికి ఏం చేశారంటే, అడవి జంతువులకి ఒక్క సూది కూడా వేయకుండా పార్కు చుట్టుపక్కల ఊళ్లలో ఆవులకి టీకాలేశారు. ఆవుల్లో జబ్బు ఆగిపోయేసరికి 1960ల మొదట్లోనే అడవిలో కూడా ఆగిపోయింది. అది ఆవుల నుంచి అడవికి వెళ్తోంది తప్ప అడవిలో తనంత తాను నిలవలేదని అప్పుడు తేలింది. 1961లో సుమారు రెండున్నర లక్షలు ఉన్న వైల్డ్‌బీస్ట్‌లు 1977కి పదమూడు లక్షలయ్యాయి. అవి గడ్డిని నున్నగా మేసేయడంతో కార్చిచ్చులు తగ్గాయి, కార్చిచ్చులు తగ్గాక చెట్లు పెరిగాయి. ఆవుకి వేసిన సూది అడవిని మార్చింది తల్లీ. ఆ మంద మధ్యలో బండి ఆపుకుని ఈ మాట మీ అమ్మకి చెబుతుంటే నా గొంతు పట్టేసింది.

అందుకే చిన్నోడికి సింహం ఒక్కటే చూపించి తీసుకురావద్దు. అక్కడ అందరికీ అదే తొందర. "సింబా ఎక్కడ, దుమా ఎక్కడ" అని డ్రైవర్లు వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటారు (సింబా అంటే సింహం, దుమా అంటే చీతా), ఒకటి కనిపించిందంటే పది నిమిషాల్లో పదిహేను బండ్లు చేరతాయి.

మేం కూడా అదే చేశాం. ఎన్‌డూటులో రెండో రోజు, ఒక తల్లి చీతా, దానికి మూడు పిల్లలు. పిల్లల్ని పొద దగ్గర కూర్చోబెట్టి అది ఒక గజెల్ (చిన్న జింక) వైపు పొట్ట నేలకి ఆనించి పాకుతోంది. సెరెంగెటి పార్కు లోపల బండి దారి దిగకూడదు, ఎన్‌డూటు వైపు మాత్రం సీజన్‌లో దిగనిస్తారు. డ్రైవర్ ఆగుదామనే అన్నాడు. ఫొటో కోసం ఇంకొంచెం ముందుకి పోనిమ్మని అడిగింది నేనే. మా వెనకే ఇంకో నాలుగు బండ్లు వచ్చాయి. గజెల్ తలెత్తి చూసింది, అంతే, పరుగు. చీతా లేచి నిలబడి మా వైపు ఒకసారి చూసి పిల్లల దగ్గరికి తిరిగి నడిచింది. చీతా పగటిపూట వేటాడే జంతువు, అంటే మనం తిరిగే వేళల్లోనే దాని బతుకుతెరువు. పక్కనే కెన్యాలో మసాయి మారాలో చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది, టూరిస్టులు ఎక్కువగా తిరిగే చోట చీతాలు పెంచి పెద్ద చేయగలిగే పిల్లలు చాలా తక్కువని అందులో తేలింది. పశువుల డాక్టర్ని అయ్యుండి ఆ మూడు పిల్లల నోటి దగ్గర కూడు నేనే చెడగొట్టాను. ఆ ఫొటో ఎవరికీ పంపలేదు, నీకు కూడా. మీ డ్రైవర్‌కి మొదటి రోజే చెప్పు, దగ్గరికి వెళ్లకపోయినా పర్వాలేదు, టిప్ తగ్గదు అని. చాలామంది డ్రైవర్లకి ఉండే టెన్షన్ అదే. "పోలెపోలె" అంటే వాళ్ల భాషలో మెల్లగా, నిదానంగా అని. ఆ ఒక్క మాట వస్తే చాలు.

ఎన్‌గోరోంగోరో మాత్రం తీసేయొద్దు. పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడిన ఆరు వందల మీటర్ల లోతు గిన్నె అది, అడుగున రెండు వందల అరవై చదరపు కిలోమీటర్ల మైదానం, నల్ల ఖడ్గమృగాలు అక్కడే చూశాం, చాలా దూరంగా. జిరాఫీలు మాత్రం లోపల ఉండవు. అంచు మీద పొద్దున్నే ఎంత చలంటే మీ అమ్మ రెండు స్వెటర్లు వేసుకుంది, మీరు వెళ్లే జులైలో ఇంకా ఎక్కువ. అంచు మీద దారి పక్కనే ఒక రాతి సమాధి ఉంటుంది, బండి ఆపించు. జర్మనీ పశువైద్యుడు బెర్న్‌హార్డ్ గ్రిజిమెక్, ఆయన కొడుకు మైఖేల్ చిన్న విమానంలో తిరుగుతూ సెరెంగెటి జంతువుల్ని లెక్కపెట్టారు. 1959 జనవరిలో ఆ విమానం ఒక రాబందుని గుద్దుకుని కూలి మైఖేల్ చనిపోయాడు, ఇరవై నాలుగేళ్లు. తండ్రి ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు బతికి ఈ అడవి కోసమే పనిచేసి, 1987లో పోయాక కొడుకు పక్కనే చేరాడు. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఇంకొన్ని చిన్న సంగతులు. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, చెట్లున్న చోట సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, ప్యాంటు మీదనుంచి కూడా కుడతాయి. మన పశువులకి రక్తంలో పరాన్నజీవి చేరి వచ్చే సర్రా లాంటి జబ్బునే అక్కడి ఆవులకి అవి అంటిస్తాయి. మలేరియా మాత్రల గురించి చిన్నోడి డాక్టర్‌ని ముందే అడుగు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు ఆ దేశంలో 2019 నుంచి నిషేధం, పచ్చళ్లు గుడ్డ సంచీలో సర్దుకో. తిండికి భయం లేదు, ఉగాలీ అని మొక్కజొన్న పిండితో సంకటి లాంటిది చేస్తారు, మీ అమ్మకి తెగ నచ్చింది. చపాతీని అక్కడ కూడా చపాతీ అనే అంటారు.

కాబట్టి నా మాట విని తరంగీరే, మన్యారా తీసేయ్. అవి బాగుండవని కాదు, మీకు రోజులు లేవు. ఒక రాత్రి ఎన్‌గోరోంగోరో, మిగతావన్నీ ఉత్తరాన కోగటెండేలో, ఒకవైపైనా చిన్న విమానం మాట్లాడుకోండి, ఖర్చు ఎక్కువైతే నేనిస్తాను. మారా నది ఒడ్డున బండి ఆపుకుని ఒక పూటంతా కూర్చోండి. వైల్డ్‌బీస్ట్‌లు నది దాటొచ్చు, దాటకపోవచ్చు, ఒడ్డు దాకా వచ్చి వెనక్కి మళ్లిపోవచ్చు కూడా. చిన్నోడికి విసుగొస్తే దూడల్ని లెక్కపెట్టమను. మా ముందు ఏడు నిమిషాల్లో లేచి నిలబడిందే, అది బతికుంటే అప్పటికి ఐదు నెలలది, ఆ మందల్లోనే ఎక్కడో ఉంటుంది.

బైనాక్యులర్ రేపు కొరియర్‌లో పంపిస్తున్నాను, వాడి మెడకి సరిపోయేలా బెల్టు చిన్నది చేయించాను. ప్లాన్ మార్చాక ఫోన్ చెయ్యి.

నాన్న