కోవూరు తమ్ముడికి కృతజ్ఞతలు

రాత్రంతా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోలేను. మా నాన్న స్టూడియో నెగటివ్‌లన్నీ స్కాన్ చేసి దాచిన సర్వర్ క్షేమంగా ఉంది. రాత్రి కరెంటు పోతే తనంతట తానే పద్ధతిగా ఆగింది, తెల్లారి రాగానే తనే లేచింది.

ఇది ముక్కూమొహం తెలియని ఒక కోవూరు తమ్ముడి పుణ్యం. పేరు రాయొద్దన్నాడు.

యూపీఎస్ అమ్మేటప్పుడు వెనక యూఎస్‌బీ పోర్టు చూపించి, కరెంటు పోతే కంప్యూటర్ దానంతటదే ఆగుతుందన్నారు. ఇంటికి తెచ్చాక చూస్తే ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌కే, మా సర్వర్ నడిచేదేమో లైనక్స్ మీద. ఫోన్ చేస్తే 'లైనక్స్‌కి సపోర్ట్ లేదండీ' అని పెట్టేశారు. డబ్బా మీద ఆ ముక్క రాయడానికి ఏం రోగం? ఈ వానల్లో కరెంటు తీసేవాళ్లయినా ముందు ఒక మెసేజ్ పెట్టరు.

ట్రంకు రోడ్డులో యూపీఎస్‌కి 12 వోల్టుల బ్యాటరీ మార్పించుకుంటూ ఈ గోడంతా చెప్పుకుంటుంటే పక్కనున్న కుర్రాడు విన్నాడు. సాయంత్రం అంత వానలో బండేసుకుని ఇంటికొచ్చాడు. తడిసిన చొక్కాతోనే కింద కూర్చుని నట్ ఎక్కించాడు, అదే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, యూపీఎస్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్. మామూలు యూఎస్‌బీ డ్రైవర్ మా యూపీఎస్‌ని పట్టలేదు, అందులోనే ఉన్న నట్‌డ్రైవ్ క్యూఎక్స్ అనే ఇంకో డ్రైవర్ పట్టింది. "ఈ రకం యూపీఎస్ చార్జి ఎంతుందో చెప్పదన్నా, వోల్టేజీ చూసి నట్టే లెక్కేసుకుంటది. ఆ లెక్కని నమ్ముకోబాక" అని నట్‌లోనే టైమర్లు చూసుకునే యూపీఎస్‌షెడ్‌లో మూడు నిమిషాల టైమర్ పెట్టాడు. ఈలోపు కరెంటొస్తే టైమర్ రద్దు, రాకపోతే షట్‌డౌన్.

అంతటితో వదల్లేదు. సర్వర్ ఆగాక, బ్యాటరీ ఇంకా ఉండగానే కరెంటు వస్తే? యూపీఎస్ ఆగనేలేదు కాబట్టి సర్వర్‌కి ఆ సంగతే తెలీదు, అట్నే పడుంటుంది. అందుకని చివర్లో యూపీఎస్ కూడా అవుట్‌పుట్ ఆపేసి, కరెంటు రాగానే మళ్లీ ఇచ్చేట్టు చేశాడు. బయాస్‌లోనూ, అంటే కంప్యూటర్ బోర్డు సొంత సెట్టింగుల్లోనూ, కరెంటు వస్తే ఆన్ అయ్యే సెట్టింగు మార్చాడు. తర్వాత గోడ ప్లగ్గు తనే పీకాడు. తెరమీద ఓఎల్ (కరెంటు మీద ఉంది) కాస్తా ఓబీ (బ్యాటరీ మీద ఉంది) అయింది. యూపీఎస్ కీచుమంటుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

డబ్బులిస్తే చెయ్యి వెనక్కి నెట్టేశాడు. "2021లో పెన్నా వరదకి మా అమ్మోళ్ల పెళ్లి ఆల్బం బురదైపోయిందన్నా. మీ ఫోటోలన్నా ఉండనీ." నాకు ఏడుపు ఆగలేదు. గుమ్మంలో నిలబడి నా భుజం తట్టి, వానలోనే వెళ్లిపోయాడు.

మా ఆవిడకీ, మా ఇంటి తమ్ముడికీ కృతజ్ఞతలు సరేసరి.

అయ్యో, షట్టర్ సగం దించి కూడా నాకోసం ఆగిన బ్యాటరీ షాపాయన! ఆయనకీ దండాలు. ఎదురింటి పిన్నమ్మా, అర్ధరాత్రి టార్చి ఇచ్చావు, పొద్దున్నే తెచ్చిస్తా.