ఓటు వేస్ట్ కాలేదు, అమ్మలూ

గుంటూరు,
జూన్ 6, 2024.

అమ్మలూ,

మంగళవారం రాత్రి ఫోన్‌లో "ఓటు వేస్ట్ చేసుకున్నావు కదమ్మా" అన్నావు. నీ మీద కోపం లేదు. కానీ ఆ మాటకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే మధ్యలో ఏడుపొస్తుందని రాస్తున్నాను.

ఓడిపోయాం, నిజమే. మన గుంటూరులో సీపీఐ గుర్తు కంకి కొడవలికి పడిన ఓట్లు ఏ మూలకూ రావు. దేశం మొత్తం 543 సీట్లలో సీపీఎంకు 4, సీపీఐకి 2, సీపీఐ (ఎంఎల్) లిబరేషన్‌కు 2. రాజస్థాన్‌లో ఎన్నోసార్లు ఓడిన రైతు నాయకుడు అమ్రా రామ్ ఈసారి సీకర్‌లో గెలిచారని విన్నప్పుడు మాత్రం ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

2004లో మనవాళ్ళు, అంటే కమ్యూనిస్టులూ వాళ్ళతో ఉన్న వామపక్షాలూ కలిపి దాదాపు 60 మంది ఉండేవాళ్ళు పార్లమెంటులో. వాళ్ళ మద్దతు మీద నిలబడ్డ ప్రభుత్వమే మరుసటి ఏడు ఉపాధి హామీ చట్టం తెచ్చింది. అమ్మమ్మ ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటుంది. నీ ఇంటర్ ఫీజులో ఆ కరువు పని డబ్బులు కూడా ఉన్నాయి, నీకెప్పుడూ చెప్పలేదు.

మొన్న డిసెంబర్ 12 నుంచి 42 రోజులు అంగన్‌వాడీ సమ్మెలో కూర్చున్నాం కదా. సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం మా మీద పెట్టారని తెలిసిన రోజు టెంట్‌లో సగం మంది ఏడ్చారు. నాకూ కాళ్ళు చల్లబడ్డాయి. యూనియన్ పెద్దాయన ఆ ఉత్తర్వు కాగితం తెచ్చి, ఒక్కో లైను చదివి అర్థం చెప్పారు. రోజూ సాయంత్రం మేమంతా బస్సులకు పరిగెడితే, ఆయన మోకాళ్ళు పట్టుకుని వంగి, మేం కూర్చున్న పట్టాలు దులిపి, మడిచి, లెక్కపెట్టి ఆటోలో వేసేవారు. మే 13న బూత్‌లో నాకు గుర్తొచ్చింది అదే. ఇంకెవరికి వెయ్యను చెప్పు?

మనవాళ్ళ తప్పు లేదని అనను. ఓటు అడగడానికి మా వీధికి ఒక్కసారే వచ్చారు, అందులో నీ వయసు వాళ్ళు ఒక్కరూ లేరు. నాతో టెంట్‌లో కూర్చున్న టీచర్లు, ఆయాల్లోనే చాలామంది వేరే గుర్తుకు వేశారు. ఇక్కడ ప్రభుత్వం మారాలని వేశారు, వాళ్ళను తప్పు పట్టలేను.

కానీ ఒకటి చూడు. 400 దాటుతామన్న బీజేపీ 240 దగ్గర ఆగింది. ప్రభుత్వానికి కావాల్సింది 272. ఇప్పుడు టీడీపీ 16 మంది, జనసేన ఇద్దరు లెక్కలోకి వచ్చారు. నా గౌరవ వేతనంలో కేంద్రం లెక్కగట్టే నెల మొత్తం 2018లో 3,000 నుంచి 4,500 అయింది, అప్పటి నుంచి అక్కడే ఉంది. దీన్ని అడగడానికి ఇక ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, మన టీడీపీ ఎంపీ ఆఫీసు ముందే కూర్చోవచ్చు. వచ్చే మీటింగ్‌లో ఇదే చెబుతాను.

నిన్న పెద్దాయన కొత్తపేటలో కనిపించారు. మనిషి బాగా చిక్కిపోయారు. ఫలితాల గురించి ఎలా మాట్లాడాలో తెలియక నేను నిలబడిపోతే, "టీచరమ్మా, మీ సెంటర్ అద్దె బిల్లు వచ్చిందా?" అని అడిగారు. రాలేదన్నాను. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకున్నారు.

మీ అమ్మ